వాల్యూమ్ పెడల్ కొనాలి: 25కె తీసుకోవాలా, 250కె తీసుకోవాలా?

మద్దిలపాలెం_తీగలు:
అందరికీ నమస్తే. వైజాగ్‌లో ఉంటా, ఆదివారం చర్చిలో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తా, అప్పుడప్పుడు పెళ్ళిళ్ళకి ఆర్కెస్ట్రా వాళ్ళు పిలిస్తే వెళ్తా. ప్రార్థన జరుగుతున్నప్పుడు వెనక కార్డ్స్ (కలిపి మోగే స్వరాలు) పిక్ దెబ్బ వినపడకుండా వయొలిన్‌లా మెల్లగా పైకి లేవాలని నా కోరిక. ఇన్నాళ్ళూ గిటార్ మీద వాల్యూమ్ నాబ్‌నే చిటికెన వేలితో తిప్పుతూ వచ్చా గానీ నాది లెస్ పాల్ రకం, నాబ్ దూరం, వేలు అందేసరికి పాస్టర్ గారు ఆమెన్ అనేస్తున్నారు. అందుకే పాదంతో శబ్దం పెంచి తగ్గించే వాల్యూమ్ పెడల్ కొందామని.

నా వరుస: గిటార్, బాస్ కంపెనీ టీయూ-3 ట్యూనర్, ఓవర్‌డ్రైవ్ (శబ్దానికి గరుకు తెచ్చే పెడల్), డిలే (ప్రతిధ్వని పెడల్), ఆంప్. షాపులో అడిగితే "గిటార్‌కైతే హై ఇంపీడెన్సే తీసుకోవాలి" అన్నాడు, అంటే 250కె (కిలో ఓమ్‌లు) రకం. నెట్‌లో సగం మంది లో ఇంపీడెన్స్, అంటే 25కె అంటున్నారు. బడ్జెట్ 8 వేలు, సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు. ఏది కొనమంటారు?

పాత_ఆంప్:
తమ్ముడూ, ఏ కంపెనీ అన్నది తర్వాత. వరుసలో ఎక్కడ పెడతావో ముందు తేల్చుకో, 25కె నా 250కె నా అన్నది దాన్ని బట్టే తేలిపోతుంది.

పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) నుంచి నేరుగా వచ్చే సిగ్నల్ చాలా బలహీనంగా ఉంటుంది. దానికి పెడల్ తగిలించడమంటే ఎండాకాలంలో ప్రెషర్ లేని కుళాయికి ఇంకో ఇంటి కనెక్షన్ ఇచ్చినట్టే. లెస్ పాల్ రకాల్లో మామూలుగా వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే భాగం) 500కె ఉంటుంది, ఆంప్ ఇన్‌పుట్ 1 మెగ్ (1000కె) అనుకుంటే రెండూ కలిసి పికప్ మీద పడే లోడ్ సుమారు 333కె, ఈ అంకె ఎంత తగ్గితే పికప్ మీద అంత భారం. మధ్యలో 250కె పెడల్ వస్తే అది 143కె దగ్గరికి దిగుతుంది, ట్రెబుల్ (శబ్దంలోని పదును) కొంచెం మెత్తబడుతుంది, చాలామందికి తెలియను కూడా తెలియదు. అదే చోట 25కె పెడితే లోడ్ 23కె అయిపోతుంది, గిటార్ మీద దుప్పటి కప్పినట్టు మోగుతుంది. షాపతను చెప్పింది ఇందుకే, గిటార్‌ని నేరుగా పెడల్‌లోకి గుచ్చేవాళ్ళ వరకు అతని మాట నిజం.

నీ సంగతి వేరు. టీయూ-3లో బఫర్ (బలహీనమైన సిగ్నల్‌ని గట్టిపరిచే సర్క్యూట్) ఉంది, ట్యూనింగ్ చేయనప్పుడు కూడా సిగ్నల్ ఆ బఫర్ గుండానే పోతుంది, కాబట్టి దాని తర్వాత ఎక్కడ పెట్టినా 25కె చాలు. ఎర్నీ బాల్ వీపీ జూనియర్‌లో 6180 అంటే 250కె, 6181 అంటే 25కె. బాస్ ఎఫ్‌వీ-500లో హెచ్ అని ఉంటే హై, ఎల్ అని ఉంటే లో, ఎల్ స్టీరియో కూడా. సెకండ్ హ్యాండ్‌లో అమ్మేవాడికే తేడా తెలియకపోవచ్చు, కింద రాసున్న నంబర్ ఫోటో పెట్టమను.

ఇక చోటు. ఓవర్‌డ్రైవ్ ముందు పెడితే గిటార్ నాబ్ తిప్పినట్టే, పాదం ఎత్తేకొద్దీ గరుకు తగ్గి క్లీన్ అవుతుంది. తర్వాత పెడితే గరుకు అలాగే ఉండి శబ్దం మాత్రమే తగ్గుతుంది. డిలే తర్వాత పెడితే ప్రతిధ్వని తోక కూడా తెగిపోతుంది. నీకు కావాల్సింది ఓవర్‌డ్రైవ్‌కి డిలేకి మధ్యలో. అక్కడ పాదం పూర్తిగా ఎత్తేసినా పాత కార్డ్ డిలేలో ఇంకా మోగుతూనే ఉంటుంది, దాని మీద కొత్తది లేస్తుంది. ప్రార్థనకి ఇంతకంటే ఏం కావాలి.

గాజువాక_సోల్డర్:
పైన అన్న చెప్పిందంతా కరెక్టే గానీ మన ఊరి ఉప్పు గాలి సంగతి ఎవరూ చెప్పరేం. నేను బీచ్ రోడ్ వైపు రూమ్‌లో ఉన్నప్పుడు పెడల్ ఒకటి ఏడాది తిరక్కుండానే కాలు వేస్తే చాలు గరగరమనేది, విప్పి చూస్తే జాక్‌లకి తుప్పు, పాట్ నిండా మురికి (కంపెనీ పేరు వద్దులే, తప్పు నాదే, వర్షాకాలమంతా కిటికీ కింద వదిలేశా). కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి ఓ ఇరవై సార్లు పైకీ కిందకీ ఆడిస్తే చాలావరకు పోయింది. మామూలు నూనె మాత్రం పొయ్యొద్దు బాబూ, దుమ్ము అంటుకుని ఇంకా పాడవుతుంది.

ఇంకోటి, లోపల పాట్‌ని తిప్పేది కొన్నిట్లో దారం, కొన్నిట్లో పళ్ళ చక్రం, డన్‌లప్ వాల్యూమ్ ఎక్స్‌లో అయితే పట్టీ. దారం రకం పాదానికి మెత్తగా ఉంటుంది, నాకు అదే ఇష్టం, కానీ అరిగితే ఏదో ఒక రోజు తెగుతుంది, అది తప్పకుండా ప్రోగ్రామ్ రోజే అవుతుంది. పాతది కొంటే కింద ప్లేట్ విప్పించి దారం పోగులు లేచిందేమో చూసుకో.

కీబోర్డ్_వదిలేసినవాడు:
నేనైతే 250కె నే కొనమంటా. రేపు ఆ ట్యూనర్ అమ్మేస్తే? పెళ్ళి స్టేజీ మీద ఎవరిదో ఆంప్‌లోకి నేరుగా వాయించాల్సి వస్తే?

పాత_ఆంప్:
@కీబోర్డ్_వదిలేసినవాడు అదీ పాయింటే, కాదనను. బఫర్ తర్వాత 250కె పెట్టినా పనిచేస్తుంది. కాకపోతే పాదం మధ్యలో ఉన్నప్పుడు ఆ పాట్ నుంచి సిగ్నల్ మళ్ళీ బలహీనంగానే బయటికొస్తుంది, దాని తర్వాత పొడవాటి కేబుల్ ఉంటే ట్రెబుల్ పోతుంది. ఇతనికి పక్కనే డిలే, జానెడు కేబుల్, కాబట్టి పెద్ద తేడా రాదు. ఆ ట్యూనర్ అమ్మకుండా ఉంటే 25కె, లేదంటే 250కె.

మర్చిపోయా, ట్యూనర్ అవుట్ అని ఇంకో జాక్ ఉంటుంది చాలా పెడళ్ళకి. బ్యాటరీ అక్కర్లేని రకాల్లో దానికి ఏదైనా గుచ్చితే అది కూడా లోడే. నీ ట్యూనర్ వరుసలోనే ఉంది కదా, దాన్ని ఖాళీగా వదిలేయ్.

మద్దిలపాలెం_తీగలు:
అందరికీ థ్యాంక్స్. ఎంవీపీ కాలనీలో ఒకాయన దగ్గర 6181 దొరికింది, 8 వేల లోపే. ప్లేట్ విప్పించమంటే ముందు వింతగా చూశాడు, తర్వాత ఆయనే స్క్రూడ్రైవర్ తెచ్చాడు. దారం బాగానే ఉంది. ఓవర్‌డ్రైవ్, డిలే మధ్యలో పెట్టి రాత్రంతా వాయించా, మడమ మీద బరువేసి పిక్ కొట్టి తర్వాత ముందుకి నొక్కడం ఇంకా కుదరట్లేదు, తొందరపడి ముందే నొక్కేస్తున్నా. నిలబడి వాయిస్తే బ్యాలెన్స్ పోతోంది, మీరంతా కూర్చునే వాయిస్తారా?

గాజువాక_సోల్డర్:
నిలబడే. బరువంతా ఎడమ కాలి మీద వెయ్యి, పెడల్‌ని కొంచెం పక్కకి వాల్చి పెట్టుకో. చెప్పులు తీసేసి చూడు, నాకు అప్పుడే కుదిరింది.