పూర్వ విద్యార్థుల డబ్బు టీచరు చేతికివ్వాలా, వస్తువులు కొనివ్వాలా?

98 బ్యాచ్:
మాది నల్గొండ జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూలు. సంక్రాంతికి మా 1998 పదో తరగతి వాళ్లం కలుసుకున్నాం. వాట్సాప్ గ్రూపులో చందాలు వేసుకుంటే 2,60,000 పోగైంది. సగం మంది గేటు దగ్గర ఆర్చి కట్టించి మన పేర్లు చెక్కిద్దాం అంటున్నారు. నాకు ఇష్టం లేదు. పిల్లలు తమ చేతులతో చేసే పని ఏదైనా ఒకటి అనుకుని ఏ టీచరైనా ఒక పేజీ రాసిస్తే, 5,000 నుంచి 15,000 దాకా ఆ టీచరుకే ఇద్దామని నా ఆలోచన. ఇప్పటికి ఒక్క పేజీ వచ్చింది. ఊరి బోర్లు, బావుల నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో ఎనిమిదో తరగతి పిల్లలతో కొలిపిస్తానని సైన్స్ మేడమ్ రాశారు. డబ్బు ఎలా ఇవ్వాలన్న దగ్గరే గ్రూపులో గొడవ. మీరేమంటారు?

డల్లాస్ నల్గొండ:
నాదీ ఆ జిల్లానే. నగదు మాత్రం చేతికివ్వొద్దు అన్నా. ఇక్కడ అమెరికాలో డోనర్స్‌చూజ్ అని ఒక సంస్థ ఉంది. 2000లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక టీచరే మొదలుపెట్టాడు. టీచరు తనకేం కావాలో రాస్తాడు, జనం డబ్బు వేస్తారు, ఆ సంస్థ వస్తువులు కొని నేరుగా బడికి పంపుతుంది. టీచరు చేతికి పైసా రాదు.
నా అనుభవం కూడా చెబుతా. ఆరేళ్ల కింద ఒక సర్కారు బడికి ప్రొజెక్టర్ కోసం డబ్బు పంపాను. రెండేళ్ల తర్వాత వెళ్లి చూస్తే అది ఆఫీసు గదిలో బీరువా మీదుంది. అట్టపెట్టె విప్పలేదు, థర్మోకోల్ కూడా తీయలేదు. బిల్లు అడిగితే "చూద్దాం సార్" అన్నారు. అప్పట్నుంచి నాది ఒకటే మాట: వస్తువు, బిల్లు, ఫొటో.

రైతుబిడ్డ:
ముందు ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్లు రానీయండి. ప్రయోగాలు తర్వాత.

బీకరు:
19 ఏళ్లుగా ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను, ఇప్పుడు సూర్యాపేట వైపు. పెట్టె విప్పకపోవడం తప్పే. కానీ అలా ఎందుకవుతుందో కూడా వినండి. బడికొచ్చిన ప్రతి వస్తువూ స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది. బదిలీ అయితే లెక్క చూపి ఛార్జి అప్పగించాలి. 2014లో ఒక పిల్లవాడి చేతిలో మైక్రోస్కోపు లెన్సు పగిలింది. వెళ్లేటప్పుడు 1,800 నా జేబులోంచి కట్టించుకున్నారు. కొత్త బడికి వెళ్లాక ఏడాదిపాటు అక్కడి మైక్రోస్కోపును బీరువాలోంచి తీయలేదు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.
డల్లాస్ సార్, మాకు కావలసింది బీరువాలో దాచుకునే వస్తువులు కాదు, వాడితే అయిపోయేవి. పటిక, సున్నం, ఫిల్టర్ కాగితం, పరీక్షనాళికలు, బ్యాటరీలు, వైరు. ఆ మేడమ్ అడిగిన పనే తీసుకోండి. నీళ్లలో టెస్ట్ కిట్టులోని మందు కొంచెం వేస్తే, ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట గులాబీ రంగు పోయి పసుపు వైపు తిరుగుతుంది. ఒక్కో గ్లాసుకు కొంత మందు ఖర్చవుతుంది. 40 మంది పిల్లలు రెండేసి చోట్ల నీళ్లు తెస్తే కిట్టు ఖాళీ. దానికి ఏ ఫొటో పెట్టమంటారు, ఖాళీ సీసాదా?

డల్లాస్ నల్గొండ:
ఖాళీ సీసాకు కూడా బిల్లు ఉంటుంది సార్.

పక్కూరు:
మీ ఇద్దరి మాటా నాకు నచ్చలేదు. ఇది అసలు సర్కారు చేయాల్సిన పని. సమగ్ర శిక్ష అనే సర్కారు పథకం కింద బడి ఖర్చులకు ఏటా కాంపోజిట్ గ్రాంటు ఉంది కదా. 100 నుంచి 250 మంది పిల్లలుంటే ఏడాదికి 50,000, 250 దాటితే 75,000. ల్యాబ్ సామాన్లు ఆ లెక్కలోవే. మీరు చందాలు వేసుకుంటూ పోతే ఆ గ్రాంటు ఎందుకు ఆలస్యమైందని అడిగేవాడే ఉండడు. పైగా మీ బడికి అమెరికా బ్యాచ్ ఉంది. మా ఊరి బడి 2003లో హైస్కూలయింది. మా వాళ్లు హైదరాబాద్‌లో ఆటోలు తోలుతున్నారు, సెంట్రింగ్ పనులు చేస్తున్నారు. మా పిల్లలకు ఎవరు కొలిపిస్తారు ఫ్లోరైడ్?

బీకరు:
పక్కూరు అన్నా, ఆ 50,000లో సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, పైపుల రిపేర్లు పోతాయి. పదోవంతు పరిశుభ్రతకే తీసిపెట్టాలి. మా బడిలో ల్యాబ్ దాకా పైసా మిగలడం నేను చూడలేదు. పిల్లలు సొంతంగా వస్తువులు చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబ్ కేంద్రం నుంచి వస్తే 20 లక్షలు, కానీ ఎన్ని బడులకు వస్తుంది? పిల్లల సైన్స్ ఆలోచనలకిచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డు కింద 10,000 ఇస్తారు, అది ఎంపికైన ఒక్క పిల్లవాడి నమూనాకు. తరగతిలో మిగతా 39 మందీ వాడి చుట్టూ నిలబడి చూస్తారు.

ఆరో తరగతి అమ్మ:
మా పాప బడిలో టీచరమ్మ మందార పూల రసంలో కాగితాలు నానబెట్టి ఎండబెట్టించింది. నిమ్మరసం పెడితే ముదురు గులాబీ, సబ్బు నీళ్లు పెడితే ఆకుపచ్చ. ఇంట్లో షాంపూ, చింతపండు పులుసు, పెరుగు, ఆఖరికి వాళ్ల తాత మందుసీసా కూడా వదల్లేదు. దీనికి రూపాయి ఖర్చు లేదు. మనసుంటే చాలదా?

బీకరు:
అమ్మా, ఆ టీచరుకు దండం పెడతాను. కానీ ఆమె ముందురోజు సాయంత్రం ఇంట్లో పూలు నూరింది. ఆ పని లెక్కలోకి రాదు. మందారంతో ఆమ్లం తెలుస్తుంది, ఫ్లోరైడ్ తెలియదు.

డల్లాస్ నల్గొండ:
చర్చ పక్కదారి పడుతోంది. బిల్లు ఇస్తారా ఇవ్వరా, ఒక్క మాటలో చెప్పండి.

బీకరు:
ఇస్తాం! ఎన్నిసార్లు అడుగుతారు? పటిక కొన్న కిరాణా కొట్టువాడు చీటీ మీద రాసిస్తాడు, అది బిల్లు కాదంటారు. కోఠి నుంచి కెమికల్స్ తెస్తే బస్సు ఛార్జీకి టికెట్ అంటించమంటారు. మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ నాకు వినబడింది ఒక్కటే, టీచర్లు దొంగలని. మీ పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో నేను అడిగానా?

98 బ్యాచ్:
సార్, అన్నా, ఇద్దరూ కాస్త ఆగండి.

న్యాయం:
మధ్యలో ఒక మాట. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే అది చట్టం లెక్కలో విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేని సంఘం ఖాతాలో వేయకూడదు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత పొదుపు బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు. ముందు అది చూసుకోండి.

డల్లాస్ నల్గొండ:
నాది ఇండియా పాస్‌పోర్టే.
బీకరు సార్, మీరు అడిగారు కాబట్టి చెబుతాను. నా బాధ బిల్లు కాదు. ఐదేళ్లు చదివాను మా ఊరి బడిలో. ల్యాబ్ తలుపు రెండుసార్లు తీశారు, రెండుసార్లూ ఇన్‌స్పెక్షన్ రోజే. అద్దాల వెనక సీసాలు కనబడేవి, ముట్టుకోనివ్వలేదు. మా నాయనమ్మ నలభై ఐదు దాటకముందే నడుము వంగిపోయి గోడ పట్టుకుని నడిచేది. మేము అదే బావి నీళ్లు తాగుతున్నామని, ఆ నీళ్లకూ నడుముకూ సంబంధం ఉందని బడిలో ఎవరూ చెప్పలేదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మా జిల్లా పేరే ఉందని నాకు అమెరికా వచ్చాక ఒక పాఠ్యపుస్తకంలో తెలిసింది. నేను టీచర్లను నమ్మను. బిల్లు తెచ్చిచ్చినా నమ్మనేమో.

బీకరు:
ఈ మాట మొదటే అంటే ఇంత గొడవ ఉండేది కాదు తమ్మీ. ఆ తలుపు తీయని వాళ్ల తరఫున నేను జవాబు చెప్పలేను. కానీ నమ్మకం లేకుండా ఇచ్చే డబ్బు ఆ తలుపుకు ఇంకో తాళం వేస్తుంది. పగిలినా ఫర్వాలేదు అని రాసిచ్చే దాత నాకు ఇన్నేళ్లలో ఒక్కరూ దొరకలేదు.

రైతుబిడ్డ:
మా అయ్యకు కూడా మోకాళ్లు వంకర. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నయి గానీ పొలం కాడ ఇంకా బోరు నీళ్లే తాగుతం. పిల్లలు కొలిస్తే మా బోరు కూడా కొలవమనండి. బాత్రూముల మాట మాత్రం మర్చిపోకండి.

98 బ్యాచ్:
మేడమ్‌తో ఫోన్లో మాట్లాడాను. 12,000 చాలన్నారు. ఆ డబ్బు బడి పనులు చూసే అమ్మ ఆదర్శ కమిటీ ఖాతాలో వేసి ఆమె పేరు మీద ఇప్పిస్తాం. బిల్లు ఉన్నవాటికి బిల్లు పెడతారు. లేనివి, పగిలినవి, ఒలికినవి పిల్లలే ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాస్తారు. ఏ బోరు, ఎవరు నీళ్లు తెచ్చారు, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు, తాగే నీళ్లకు హద్దయిన 1.5 దాటిందా లేదా అన్నది కూడా అందులోనే. పుస్తకం పేజీలు గ్రూపులో పెడతాను. పగిలిన వాటికి టీచరును డబ్బు అడగబోమని మా బ్యాచ్ తరఫున కాగితం రాసిస్తున్నాం. మిగతా డబ్బు మీద ఇంకా తేలలేదు, ఆర్చి వాళ్లు గట్టిగానే ఉన్నారు.

డల్లాస్ నల్గొండ:
నోటుబుక్కు సరే. మా వాకిట్లో పాత బావి ఇంకా ఉంది, దాని నీళ్లు కూడా కొలవమనండి. బిల్లులు మాత్రం స్కాన్ చేసి పెట్టండి.

పక్కూరు:
మంచిదే. మా ఊరు మీకు నాలుగు కిలోమీటర్లు. నా ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

బీకరు:
పక్కూరు అన్నా, మీ బడి సైన్స్ టీచరు నంబరు నాకు మెసేజ్ చేయండి. ఒక కిట్టు పట్టుకుని ఆదివారం వస్తాను. సర్కారును అడగడం కూడా ఆపొద్దు, ఆ అర్జీ మీద నేనూ సంతకం పెడతాను.