మామిడి తోట గట్లపై వయ్యారిభామ

ప్రశ్న: మా మామిడి తోట గట్ల వెంట వయ్యారిభామ (పార్థీనియం) కలుపు మొక్క దట్టంగా అలుముకుంది. కోసిన ప్రతిసారీ మొదలు నుంచి మళ్ళీ పిలకలు వేస్తోంది. పైగా కూలీల చేతులకు దద్దుర్లు వస్తున్నాయి. దీనిని వదిలించుకునే మార్గం దయచేసి తెలుపగలరు.

జవాబు: కోయడం మానండి. వాన పడి నేల మెత్తబడినప్పుడు, తెల్లని పూత రాకముందే, చేతి తొడుగులు వేయించి, ముక్కుకు గుడ్డ కట్టించి వేళ్ళతో సహా పీకించండి. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది కనుక, పూత వచ్చాక పీకినదాన్ని గట్టున వదిలేయకూడదు.

మరొక జవాబు: పీకిన చోట తంటెం అనే మొక్క గింజలు చల్లితే అది వయ్యారిభామను అణచివేస్తుంది. మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో విడిచిన జైగోగ్రామా పెంకుపురుగులు వానాకాలంలో దీని ఆకులను తినేస్తాయి. అవి కనిపిస్తే దయచేసి అక్కడ పురుగుమందు కొట్టకండి.

అడిగినవారు: పీకిన మొక్కలను కంపోస్టు గుంతలో వేయవచ్చా?

జవాబు: పూత రానివైతే నిశ్చింతగా వేయవచ్చు.