అప్‌డేట్: ఇంగ్లిష్ పదాల రూపాలు తట్టడం లేదన్న నా ప్రశ్న గురించి

అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్ పదాలు ఎంత చదివినా, రాసేటప్పుడు సరైన రూపం తట్టడం లేదని ఇంతకుముందు అడిగాను. విడివిడిగా కాకుండా పద కుటుంబాలుగా, అంటే ఒకే మూలపదం రూపాలన్నీ కలిపి, నేర్చుకోమని ఎక్కువమంది చెప్పారు. అదే పట్టుకున్నాను, బాగా పనిచేస్తోంది.

అకడమిక్ వర్డ్ లిస్ట్‌తో, అంటే ఉన్నత చదువుల పుస్తకాల్లో, వ్యాసాల్లో తరచూ వచ్చే ఇంగ్లిష్ పదాల జాబితాతో మొదలుపెట్టాను. భాషా పరిశోధకురాలు ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన ఈ జాబితాలో 570 పద కుటుంబాలున్నాయి. ఒక్కోదానికి నోట్‌బుక్‌లో ఒక పేజీ. ఎనలైజ్ క్రియ, ఎనాలిసిస్ నామవాచకం, ఎనలిటికల్ విశేషణం. పైకి చదివితే నొక్కి పలికే చోటు మొదటి అక్షరం నుంచి రెండోదానికి, అక్కణ్ణుంచి మూడోదానికి జరుగుతుంది. ఇది గమనించాక స్పెల్లింగ్ కన్నా ముందు ఉచ్చారణే పట్టుకుంటున్నాను. ప్రతి రూపంతో ఒక సొంత వాక్యం రాస్తున్నాను. నిజంగా పదం మనదయ్యేది అక్కడేనని నా నమ్మకం.

ఇంకా తికమక పెడుతున్నవి ఎకనామిక్, ఎకనామికల్ లాంటి జంటలు. మొదటిది ఆర్థిక వ్యవస్థకు సంబంధించినది, రెండోది పొదుపైనది. రెండూ విశేషణాలే కాబట్టి వాక్యంలో చోటును బట్టి తేల్చుకోలేం. వీటిని మీరెలా గుర్తుపెట్టుకుంటున్నారో చెప్పండి. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.