కొత్త వంటగదిలో ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలి?

గది 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు. సింక్ కిటికీ కిందే. ఫ్రిజ్‌ను గది తలుపు పక్క మూలలో పెడదామనుకుంటున్నాను. వస్తువులు ముందు కొనాలా, గట్టు ముందు కట్టించాలా? ఒకటే టెన్షన్.

జవాబు: ముందు మోడళ్లు ఖాయం చేసుకుని కొలతలు రాసుకోండి, తర్వాతే గట్టు. మేం ముందు గట్టు కట్టించేశాం. ఫ్రిజ్ మూలలో గోడకు ఆనుకుపోయి తలుపు సగమే తెరుచుకునేది. కూరగాయల సొరుగు బయటికి రాదు. దాన్ని తీసి కడగాలంటే ప్రతిసారీ ఫ్రిజ్‌ను ముందుకు లాగాల్సిందే, టైల్స్ మీద ఆ గీతలు ఇంకా ఉన్నాయి.

ఇంకొకరు: పొయ్యికీ సింక్‌కీ మధ్య కనీసం రెండడుగుల గట్టు వదలండి, తరిగేది అక్కడే కదా. ఇండక్షన్ హాబ్ (గట్టులో బిగించే కరెంటు పొయ్యి) అయితే విడిగా కరెంటు లైన్ కావాలి, ప్లాస్టరింగ్‌కు ముందే ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి.

అడిగినవారు: సుద్దముక్కతో నేల మీద గీసి చూశానండీ. ఫ్రిజ్ తలుపు, గది తలుపు ఢీకొంటున్నాయి! ఎదురు గోడకు మారుస్తున్నాను.