డాక్టర్ చదువు లేకుండా పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేస్తే ఏ ఉద్యోగాలకు అప్లై చేయాలి?

ప్రశ్న: ఎపిడెమియాలజిస్ట్ (వ్యాధుల వ్యాప్తిని పరిశీలించేవారు), ఎం అండ్ ఈ (మానిటరింగ్ అండ్ ఎవాల్యుయేషన్, అంటే పథకాల పనితీరును గమనించి అంచనా వేయడం) ఆఫీసర్, ప్రోగ్రామ్ ఆఫీసర్... అన్నిటికీ ఒకే రెజ్యూమె పంపితే సరిపోతుందా? డాక్టర్ కానివాళ్లను అసలు తీసుకుంటారా?

జవాబు: తీసుకుంటారండి. కానీ ఒకే రెజ్యూమె పనికిరాదు. పోస్టు పేరు చూసి మోసపోకుండా కింద రాసిన బాధ్యతలు చదవండి. లైన్ లిస్ట్ (ఒక్కో రోగికి ఒక్కో వరుసగా రాసే పట్టిక), కేస్ డెఫినిషన్ (ఎవరిని కేసుగా లెక్కించాలో చెప్పే నిర్వచనం) అని కనిపిస్తే అది వ్యాధి నిఘా పని. ఇండికేటర్లు (ప్రగతిని కొలిచే అంకెలు), లాగ్‌ఫ్రేమ్ (పథకం లక్ష్యాలు, పనులు, కొలతలు చూపే పట్టిక), బేస్‌లైన్ (పని మొదలుకాకముందు ఉన్న స్థితి) అని ఉంటే ఎం అండ్ ఈ.

నిఘా పోస్టులకు వెళ్లేవాళ్లు ఇలాంటి లెక్క కాగితం మీద చేయగలగాలి. విందులో ఒక వంటకం తిన్న 60 మందిలో 45 మందికి, తినని 40 మందిలో నలుగురికి వాంతులయ్యాయి. అటాక్ రేటు, అంటే జబ్బుపడినవాళ్ల శాతం, తిన్నవాళ్లలో 75, తిననివాళ్లలో 10. రిలేటివ్ రిస్క్, అంటే మొదటి రేటు రెండోదానికి ఎన్ని రెట్లో ఆ అంకె, 7.5. చాలామంది 45 కింద మొత్తం జబ్బుపడిన 49 మందిని హారంగా వేసి 92 శాతం అని రాసేస్తారు. ఆ వంటకాన్ని అందరూ తిని ఉంటే జబ్బుపడినవాళ్లలోనూ అందరూ తిన్నవాళ్లే ఉంటారు కదా, ఆ అంకెతో ఏం తేలుతుంది?

ఇంకో జవాబు: ఎం అండ్ ఈ ఇంటర్వ్యూల్లో దెబ్బతినేది అవుట్‌పుట్‌కీ అవుట్‌కమ్‌కీ తేడా దగ్గర. ఎంతమందికి శిక్షణ ఇచ్చారన్నది అవుట్‌పుట్. టీకాలన్నీ పూర్తయిన పిల్లల శాతం అవుట్‌కమ్.

ఫార్మకోవిజిలెన్స్‌ను, అంటే మందుల దుష్ఫలితాలను కనిపెట్టి నమోదు చేసే పనిని, మరిచిపోకండి. కొత్తవాళ్లకు నిజంగా మంచి దారి. రోగి, రిపోర్టు చేసినవారు, అనుమానిత మందు, కలిగిన దుష్ఫలితం, ఈ నాలుగూ ఉంటేనే కేసు చెల్లుతుంది. క్లినికల్ ట్రయల్‌లో మందు వల్లనేనన్న అనుమానం ఉండి, ముందు ఊహించని ప్రాణాంతక ఘటనైతే ఐసీహెచ్ (మందుల నియమాలను దేశాల మధ్య ఏకరీతిగా చేసే అంతర్జాతీయ మండలి) మార్గదర్శకాల ప్రకారం 7 రోజుల్లో, మిగతా తీవ్రమైనవైతే 15 రోజుల్లో నియంత్రణ సంస్థకు తెలపాలి. ఈ గడువులు నోటికి వచ్చి ఉండాలి.

శరణార్థి శిబిరాల్లో నీరు, పారిశుధ్యం పనులకైతే స్ఫియర్ ప్రమాణాలు (విపత్తు సహాయ పనులకు అంతర్జాతీయంగా పాటించే కనీస ప్రమాణాలు) చదవండి: మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి.

ప్రశ్న: అనుభవం సున్నా అయితే ఏం చూపించాలి?

జవాబు: మీరు చేసిన ఒక విశ్లేషణ. సర్టిఫికెట్ల దొంతర కంటే అదే బలం. డీహెచ్ఎస్ (డెమోగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వే) లాంటి ఇంటింటి సర్వే డేటా తీసుకుని ఒకే ప్రశ్న అడగండి. ఉదాహరణకు, 12-23 నెలల పిల్లల్లో టీకాలన్నీ పడినవాళ్లెందరు, తల్లి చదువును బట్టి తేడా ఎంత? గణాంకాల సాఫ్ట్‌వేర్లలో స్టాటా గానీ ఆర్ గానీ చాలు.

అందరూ తప్పేది వెయిట్ల దగ్గర, అంటే సర్వేలో ఒక్కొక్కరి జవాబుకు లెక్కలో ఎంత బరువు ఇవ్వాలో చెప్పే అంకెల దగ్గర. డీహెచ్ఎస్ స్త్రీల, పిల్లల ఫైళ్లలో వెయిట్ వీ005 అనే కాలమ్‌లో ఉంటుంది. దశాంశ బిందువు లేకుండా ఇస్తారు కాబట్టి 10,00,000తో భాగించాలి. వెయిట్లు వదిలేస్తే, సర్వేలో కావాలని ఎక్కువమందిని తీసుకున్న ప్రాంతాలు మొత్తం శాతాన్ని తమవైపు లాగేస్తాయి. క్లస్టర్లు (సర్వేకు గుంపుగా ఎంచుకున్న ఊళ్లు, వీధులు) వదిలేస్తే శాతం మారదు గానీ, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండవచ్చని అంచనా వేసే హద్దులు) సాధారణంగా ఉండాల్సినదానికంటే ఇరుకుగా వస్తుంది. ఒకే ఊరి పిల్లలు ఒకరికొకరు పోలి ఉంటారు, సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి మనమే చెప్పాలి.

రెండు పేజీలు మించకుండా రాసి, కోడ్ ఫైల్ జతచేయండి. ఎవరిని ఎందుకు లెక్కలోంచి తీసేశారో ఒక పేరాలో తప్పక రాయండి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దానిమీదే రావచ్చు.