అప్‌డేట్: పట్టా లేకున్నా ప్రకృతి పరిశీలకులు కావచ్చా?
ప్రకృతి పరిశీలనలో స్వచ్ఛందంగా పనిచేయడానికి జీవశాస్త్ర పట్టా తప్పనిసరా అని ఇంతకుముందు అడిగాను. అక్కర్లేదని చెప్పి ఐనాచురలిస్ట్ (మొక్కలు, జంతువుల ఫొటోలు పెడితే ఇతరులు వాటి పేరు గుర్తించే వెబ్‌సైటు, యాప్) వైపు దారి చూపినవారికి కృతజ్ఞతలు. పువ్వునే కాక ఆకు అడుగుభాగాన్ని, ఆకు కాండానికి అతుక్కున్న చోటును కూడా దగ్గరగా ఫొటో తీసి, తేదీ, స్థలంతో సహా నమోదు చేశాక, గుర్తించినవారిలో మూడింట రెండు వంతులకు మించి ఒకే జాతి పేరుపై ఏకీభవిస్తే ఆ నమోదు పరిశోధనకు పనికివచ్చే స్థాయిని అందుకుంటుంది. కొత్తవారికి ఇంతకన్నా మంచి పాఠం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే పేరు సరిచేసేవారు చాలాసార్లు కారణమూ వివరిస్తారు. పక్షులంటే ఇష్టమున్నవారికి ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంది. కనీసం 15 నిమిషాలు లెక్కించి పక్షుల వివరాలు నమోదు చేసే వెబ్‌సైటు ఈబర్డ్‌లో ఎక్కిస్తే చాలు. నేను మాత్రం ముందుగా ఏప్రిల్ నెలాఖరులో మొదలయ్యే, నగరాల్లోని జీవజాతులను నమోదు చేసే సిటీ నేచర్ ఛాలెంజ్‌లో పాల్గొంటాను.