43 ఏళ్లకే ముట్లు ఆగిపోతే తప్పు తిండిదేనా?

సరళ_ఖమ్మం: నాకు 43. పది నెలలుగా ముట్లు రాలేదు. మా అమ్మకు 50లో ఆగాయి. బ్రాయిలర్ కోడి తినబట్టే ఇలా అయిందని అత్తమ్మ అంటోంది. పాశ్చాత్య దేశాల్లో సగటున 51 ఏళ్లకు ఆగితే మన దేశంలో 46, 47కే ఆగుతాయట. మనకెందుకు ముందు?

గోదారిగట్టు: తిండేనండీ. మా నాయనమ్మ గంజన్నం తిని పొలం పని చేసింది. ఆమెకు 52 దాకా వచ్చాయి. ఇప్పుడు అన్నీ మందుల కూరగాయలు, పైగా టెన్షన్లు.

మాధవి_నర్సు: ఒక్క నాయనమ్మను చూసి తేల్చేస్తే ఎలా? ఆడపిల్ల పుట్టేటప్పటికే అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అండాలుంటాయి. అవి తరిగిపోయేకొద్దీ ముట్లు ఆగుతాయి. ఎంత వేగంగా తరుగుతాయన్నది చాలావరకు వంశాన్ని బట్టి ఉంటుంది. పొగ తాగేవాళ్లకు ఒకటి రెండేళ్లు ముందే ఆగుతాయి. సరళగారూ, 12 నెలలు నిండితేనే ఆగినట్టు లెక్క. 45 లోపు కాబట్టి డాక్టరుకు చూపించుకోండి, థైరాయిడ్ కూడా పరీక్ష చేయించండి.

గోదారిగట్టు: మన ఆడవాళ్లు పొగ తాగుతారా?

సిక్కోలు_చిన్నది: మా వైపు ముసలమ్మలు అడ్డపొగ తాగేవారు, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని.

గోదారిగట్టు: వాళ్లకు ఎన్నేళ్లకు ఆగాయో చెప్పండి మరి.

పద్మ_పల్నాడు: తిండీ పొగా అంటున్నారు, ఆపరేషన్ మాట ఎవరూ ఎత్తరేం? తెల్లబట్ట అవుతోందని వెళ్తే, క్యాన్సర్ వస్తుందని భయపెట్టి 29 ఏళ్లకే నా గర్భసంచి తీసేశారు. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమంతా కలిపి ఈ ఆపరేషన్ అయిన ఆడవాళ్లు 3.2 శాతమైతే, ఆంధ్రాలో 8.9, తెలంగాణలో 7.7.

గోదారిగట్టు: అది వేరే సంగతి. ఇక్కడ అడిగింది వాటంతటవే ఆగడం గురించి. ఆపరేషన్‌కు ఒప్పుకున్నది మీరేగా?

పద్మ_పల్నాడు: నేనా? సంతకం మా ఆయన పెట్టాడు. నెల తిరక్కుండా మిరప కోతకు పంపారు. తిండి అంటే తప్పు మా నోటిదవుతుంది, మీకు హాయి.

గోదారిగట్టు: మాటలు జాగ్రత్త. మా అమ్మకూ 38లో తీయించాం. రక్తం ఆగక మంచం పట్టింది. డాక్టరు మాట నమ్మి నేనే అప్పు తెచ్చాను. అది తప్పంటే ఒప్పుకోను.

మాధవి_నర్సు: మీ అమ్మగారికి అది అవసరమే అయ్యుండొచ్చు. పద్మగారి గోడు అది కాదు, ఆమెను ఎవరూ అడగలేదని. పద్మగారూ, అండాశయాలు ఉంచారా? ఉంచితే ముట్లు ఆగినా హార్మోన్లు కొన్నేళ్లు వస్తాయి, కాకపోతే కొందరికి త్వరగా తగ్గిపోతాయి. రెండూ తీసేస్తే మాత్రం ఆ రోజుతోనే ఆగినట్టు. ఎముకలు, గుండె కూడా చూపించుకోవాలి.

పద్మ_పల్నాడు: ఎవరూ చెప్పలేదమ్మా. ఇంటికొచ్చిన వారానికే ఒళ్లంతా ఆవిర్లు. ఇప్పుడు మోకాళ్లు, నడుము.

మాధవి_నర్సు: ఆపరేషన్ కాగితాల్లో రాసి ఉంటుంది. ఉన్నాయా?

పద్మ_పల్నాడు: ట్రంకు పెట్టెలో ఉండాలి. పొద్దున్నే వెతుకుతా.